కంపెనీల రీసెర్చ్ మన ఘాట్ రోడ్డు ఎక్కిందా? (సాలూరు నుంచి)

సాలూరు చినబాబు:
రెండేళ్లుగా ఎలక్ట్రిక్ ఆటో నడుపుతున్నాను. సాలూరు, రామభద్రపురం మధ్య తిరుగుడు. బ్రోషర్‌లో ఒక్క ఛార్జ్‌కి 120 కిలోమీటర్లు అన్నారు, రోడ్డు మీద 95 వస్తోంది. దానికి బాధ లేదు. కానీ పి.కోనవలస ఘాట్ వైపు కిరాయి వస్తే గుండెల్లో రాయి పడుతుంది. మొన్న ముగ్గురు మనుషులు, రెండు బస్తాల చింతపండు. 22 శాతం చూపిస్తున్న మీటరు ఒక్క మలుపు తిరిగేసరికి 7 అయిపోయింది. సర్వీసుకి ఫోన్ చేస్తే ‘ఎకో మోడ్‌లో నడపండి’ అన్నాడు. పవర్ తగ్గించే ఎకోలో ఘాట్ ఎక్కుతుందా బాబూ? యాడ్‌లో చూస్తే కోట్ల రీసెర్చ్ అంటారు. అది ఏ రోడ్డు మీద చేశారో తెలిసినవాళ్లుంటే చెప్పండి.

టెక్కలి కుర్రోడు:
ఏటి బావా, ఘాట్ మీదకి ఆటో ఎక్కించి కంపెనీని తిడతావా? మా నాన్న డీజిల్ ఆటో కూడా అక్కడ ఫస్ట్ గేర్లోనే మూలుగుతాది.

రోలర్ మాస్టారు:
ఊరు చీపురుపల్లి. ఎనిమిదేళ్లు చెన్నైలో వెహికల్ టెస్టింగ్‌లో పనిచేసి వచ్చేశాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆ 120 ఏ రోడ్డు మీదా పుట్టలేదు. బండిని రోలర్ల మీద ఎక్కించి, ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో నడుపుతారు. ఒక్కో సైకిల్ 108 సెకన్లు. గరిష్ఠ వేగం 42 కిలోమీటర్లు, సగటు 22 లోపే. స్క్రీన్ మీద గీత ఎలా పోతే డ్రైవర్ అలా యాక్సిలరేటర్ తిప్పుతాడు, ఏసీ గదిలో. అక్కడ కొండ లేదు, చింతపండు బస్తా అంతకన్నా లేదు.

అలాగని కంపెనీలు ఘాట్లలో తిప్పవనుకోకండి. మేమూ ఇసక మూటలు వేసి ఎక్కించాం, మోటారు ఎక్కడ వేడెక్కుతుందో రాసుకున్నాం. కానీ సర్టిఫికెట్‌కి అడిగేది రోలర్ నంబరే, షోరూంలో అమ్మేదీ అదే. దాంతో ఇంజనీర్ల నిద్ర చెడేది కూడా ఆ నంబరు కోసమే.

లెక్క మీరే వేసుకోండి. మనుషులతో, సరుకుతో కలిపి 700 కిలోల ఆటో నిలువుగా 100 మీటర్లు ఎక్కాలంటే 0.19 యూనిట్ కరెంటు కావాలి. మోటారులో, వైర్లలో పోయేది కలిపితే పావు యూనిట్ దాకా. మీ ఆటో బ్యాటరీ మహా అయితే ఏడెనిమిది యూనిట్లు. అంటే ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ, చదును రోడ్డు మీద మూడు నాలుగు కిలోమీటర్లు నడిచే ఛార్జ్ కరిగిపోతుంది.

సాలూరు చినబాబు:
సరే మాస్టారూ, అది ఒప్పుకుంటాను. మరి 22 ఒక్కసారిగా 7 ఎలా అవుతుంది? ఆ పదిహేను ఎవరు తిన్నారు?

రోలర్ మాస్టారు:
ఎవరూ తినలేదు, ముందే లేవు. మీది ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ అయి ఉంటుంది. ఐరన్, ఫాస్ఫేట్‌ది. దాని వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడూ, సగమున్నప్పుడూ దాదాపు ఒక్కలాగే, సెల్‌కి 3.2, 3.3 దగ్గర ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. అందుకని లోపలి బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్, వచ్చిన కరెంటు, పోయిన కరెంటు కూడికలు తీసివేతలు చేస్తుంది, కిరాణా కొట్టు ఖాతా లాగ. రోజూ చిన్న చిన్న తప్పులు పోగవుతాయి. నిండా ఛార్జ్ అయినప్పుడే ఖాతా సరిచూసుకుంటుంది. మీరు 100 దాకా ఎప్పుడు పెట్టారు?

సాలూరు చినబాబు:
పెట్టట్లేదండి. 80 దగ్గర తీసేయాలని మా బావమరిది చెప్పాడు. ఫోన్లకి అలాగే అంట.

రోలర్ మాస్టారు:
ఫోన్లో ఉండే కెమిస్ట్రీ వేరు. వారానికి ఒకటి రెండుసార్లు నిండా పెట్టండి, మాన్యువల్‌లో కూడా ఉంటుంది చూడండి.

ఈ ఎల్ఎఫ్‌పీ ఏ కార్ల కంపెనీ గదిలోనూ మొదలవలేదు. 1997లో అమెరికాలో టెక్సస్ యూనివర్సిటీలో గుడెనఫ్ అనే శాస్త్రవేత్త గారి ల్యాబ్ నుంచి వచ్చిన పేపర్ అది. మొదటి పేరు పాధి, రెండోది నంజుండస్వామి. గుడెనఫ్ గారికి 2019లో నోబెల్ ఇచ్చారు. ఒక్కో కిలో బ్యాటరీలో తక్కువ కరెంటే నిలవ ఉంటుందని కార్లవాళ్లు చాలాకాలం పక్కన పెట్టారు. సెల్స్‌ని పొడుగ్గా చేసి ప్యాక్‌లో నేరుగా పేర్చే పద్ధతులు, 2020లో చైనా కంపెనీ బీవైడీ తెచ్చిన బ్లేడ్ బ్యాటరీ లాంటివి వచ్చాక దశ తిరిగింది. కంపెనీల రీసెర్చ్ పనికొచ్చింది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఆమదాలవలస టీచరమ్మ:
నాకు స్కూటర్ ఉంది, రోజూ బడికి 18 కిలోమీటర్లు. 2022లో స్కూటర్లు తగలబడుతున్న వీడియోలు చూసి మా అత్తగారు ఆరు నెలలు ఇంట్లో ఛార్జింగ్ పెట్టనివ్వలేదు. వంటగది గోడకి అవతల, కొబ్బరిచెట్టు కింద పెట్టేదాన్ని. ఇప్పుడు కొనేవాళ్లు ఏం చూసుకోవాలి మాస్టారూ?

రోలర్ మాస్టారు:
అమ్మా, ఆ మంటల తరువాతే ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించారు. 2022 డిసెంబర్ నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ. సెల్స్ మధ్య ఖాళీ, బీఎంఎస్ రక్షణలు, లోపల వేడెక్కితే ముందే హెచ్చరిక. సెకండ్ హ్యాండ్ కొంటే తయారీ తేదీ చూసుకోండి. అత్తగారిది తప్పని మాత్రం అనను.

పలాస జీడి:
తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబర్ 11. మా దగ్గరే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు. పెట్రోల్ ఉన్నోడికే బండి. నా భయం అదొక్కటే.

టెక్కలి కుర్రోడు:
రివర్స్‌లో ఆలోచించు మావా. 2023లో మార్చిన నెక్సాన్ ఈవీలో కారు నుంచే కరెంటు తీసుకోవచ్చు. ఫ్యాను, లైట్లు, ఫోన్లు అన్నీ నడుస్తాయి. తుపాను వార్త రాగానే నిండా పెట్టుకుంటే చాలు.

పలాస జీడి:
నాకు కారు ఎక్కడిది రా!

లారీ ఓనర్, సాలూరు:
మా లారీల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఈ ఊరు బతికేదే లారీల మీద. 2025 మార్చిలో టాటా వాళ్లు 16 హైడ్రోజన్ ట్రక్కులు ట్రయల్‌కి దింపారు, రెండేళ్ల దాకా. ఒడిశాలోని కళింగనగర్ కూడా ఉంది రూట్లలో. మనకి అంత దూరమేం కాదు. కానీ ఆ గ్యాస్ పోసే బంకు రాయగడ రోడ్డులో ఎప్పుడొస్తుందో? నా జీవితంలో డీజిలే.

సాలూరు చినబాబు:
ఇంకొకటి. నా ఆటోలో సిమ్ ఉంది. నేనెక్కడ ఆగానో, ఎంత వేడెక్కిందో మొత్తం కంపెనీకి పోతుందని సర్వీసు కుర్రాడే చెప్పాడు. అంటే ఘాట్ ఎక్కిన ప్రతిసారీ వాళ్లకి టెస్టింగ్ చేసి పెడుతున్నది నేనేనా? వాయిదాలు కట్టేదీ నేనే!

రోలర్ మాస్టారు:
అదీ నిజమే. మేమూ అలా వచ్చిన డేటాతోనే సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లం. సర్వీసు సెంటర్లో అప్‌డేట్ ఉందేమో అడగండి. ఇంకో మాట, కొండ మీద నిండా ఛార్జ్ పెట్టి దిగకండి. దిగేటప్పుడు మోటారు వెనక్కి పంపే కరెంటు నిండిన బ్యాటరీలోకి పోదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

సాలూరు చినబాబు:
వారం నుంచి 100 దాకా పెడుతున్నాను. నిన్న కోనవలస దాటి పైకి కిరాయి వెళ్లాను. ఎక్కడానికి 27 పోయింది, దిగడానికి 4. మీటరు ఎక్కడా గెంతలేదు. చింతపండు ఈసారి మూడు బస్తాలు.