"మా తాత నెయ్యి తిని తొంభై ఏళ్ళు బతికాడు" అనేవాళ్ళకి ఏం చెప్పాలి?

మారతహళ్ళి కుర్రోడు:
మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో రెండ్రోజులుగా బరువు మీద ఒకటే గొడవ. బరువు పెరిగితే షుగర్ రిస్క్ పెరుగుద్ది అని రాశా, అంతే. ఒక అంకుల్ మా తాత రోజూ గరిటెడు నెయ్యి తిని తొంభై ఏళ్ళు బతికాడు అన్నారు, ఇంకొకాయన నువ్వే 92 కేజీలున్నావ్ ముందు నువ్వు తగ్గు బాబూ అన్నాడు, ఓ ఆంటీ అయితే లావుగా ఉన్నోళ్ళంతా బద్ధకస్తులంటావా అని మీదపడ్డారు, ఆ మాట నేనెప్పుడన్నానండీ! చివర్లో ఒకాయన నా బీఎంఐ (ఎత్తుని బట్టి బరువెంతుందో చూసే లెక్క) 24, నేను నార్మల్ అని పెట్టాడు. నాకు ఒళ్ళు మండి, అది కనిపెట్టింది డాక్టరే కాదు, 1830ల్లో క్వెట్లే అని ఒక బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త, అదో చెత్త లెక్క అనేశా. కరెక్టే కదా?

సన్నబియ్యం:
అదే నెయ్యి తిని యాభైకే పోయినోళ్ళు గ్రూప్‌లోకొచ్చి చెప్పలేరు కదా బ్రో, వాళ్ళ మనవలు కూడా గొప్పగా చెప్పుకోరు. పైగా ఆ తాత పొలం పనులు చేసుంటాడు, మనం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చునుంటాం. 92 కేజీల మాటంటావా, వాదన వదిలేసి మనిషిని పట్టుకోవడం. సిగరెట్ తాగే డాక్టరు సిగరెట్ మానెయ్యమంటే ఆ సలహా తప్పైపోద్దా?

జయనగర్ అక్క:
ఆంటీ నువ్వు అనని మాట నీ నోట్లో పెట్టి దాన్ని కొట్టారు, సరే. కానీ తమ్ముడూ, నువ్వు చేసిందీ ఆ 92 కేజీల మాటలాంటిదే. ఎవరు కనిపెట్టారన్నదాన్ని బట్టి లెక్క తప్పైపోదు. దాని అసలు లోపం వేరే, ఒంట్లో కొవ్వెంత కండెంత అన్నది అది చెప్పదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది, పుణె యాజ్ఞిక్, లండన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3 అంట, కొవ్వు మాత్రం మన పుణె ఆయనకి 21.2 శాతం, లండన్ ఆయనకి 9.1. మనవాళ్ళకి బీఎంఐ 23 దాటితే చాలు, ఓవర్‌వెయిట్ కింద లెక్క, ఆ 24 ఆయనకి ఇది చెప్పాల్సింది.

సన్నబియ్యం:
అక్కా, ఇద్దరి ఫోటో కూడా తాత నెయ్యి కథే కదా 😄

జయనగర్ అక్క:
దొరికిపోయా 😂 ఫోటో ఊరికే అర్థమవడానికి, 23 మాత్రం చాలామందిని కొలిచి పెట్టింది. ఇంట్లో అయితే టేపు చాలు, మన మగాళ్ళకి నడుము 90 సెంటీమీటర్ల లోపుండాలి, ఆడవాళ్ళకి 80.

మారతహళ్ళి కుర్రోడు:
ఇప్పుడే కొలిచా. 103. గ్రూప్‌లో మాత్రం చెప్పను.