మాస్కోలోని రాయబారి సొంత ప్రభుత్వాన్నే నిలదీయడం తప్పా?

గవర్నర్‌పేట పాఠకుడు (విజయవాడ):
మొన్న తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కృష్ణ రాయబారం చూసి వస్తుంటే మిత్రులతో మొదలైన వాదన ఇది. 1945 జూలైలో జపాన్ విదేశాంగ మంత్రి టోగో, మాస్కోలోని తన రాయబారి సాటోకు తంతి పంపాడు. చక్రవర్తి యుద్ధం ముగించాలనుకుంటున్నారు, మాజీ ప్రధాని కొనోయెను దూతగా పంపుతాం, మధ్యవర్తిత్వానికి, అప్పటికింకా జపాన్‌తో యుద్ధంలో లేని సోవియట్ వారిని ఒప్పించు అని. సాటో వారిని ఒప్పించడం మాట అటుంచి, షరతులేమిటో చెప్పమని టోక్యోనే తంతి వెంట తంతితో నిలదీశాడు. ఇది హద్దు దాటడమే. రాయబారి ప్రభుత్వానికి నోరు. నోరే తలకు పాఠం చెబితే ఎలా?

బ్రాడీపేట మూడో లైను (గుంటూరు):
నోరు సరే, అందులో మాట ఏదండీ? మీరు చూసింది కృష్ణ రాయబారం, సాటోది సంజయ రాయబారం. కృష్ణుడి దగ్గర కనీసం అయిదూళ్ల లెక్క ఉంది. ధృతరాష్ట్రుడు సంజయుడికి ఇచ్చి పంపింది మంచి మాటలే. మా ఊళ్లో గట్టు తగాదాకు వెళ్లే పెద్దమనిషి కూడా “ఎంతవరకు దిగుతావు?” అని అడిగాకే కండువా వేసుకుంటాడు. జూలై 18న సోవియట్ ఉప విదేశాంగ మంత్రి లొజోవ్‌స్కీ ఇచ్చిన జవాబూ అదే: ఇందులో నిర్దిష్ట ప్రతిపాదన లేదు, కొనోయె రాక ఎందుకో తెలియడం లేదు. రాజవంశం నిలిస్తే చాలు, మిగతావి ఒప్పుకుందామని సాటో జూలై 20న వివరంగా రాశాడు. అమెరికా పక్షం అడుగుతున్న బేషరతు లొంగుబాటు ఏ పరిస్థితిలోనూ కుదరదని మర్నాడే టోగో తేల్చేశాడు.

గవర్నర్‌పేట పాఠకుడు:
టోగో మాత్రం ఎలా రాస్తాడండీ? యుద్ధ మండలిలో ఆరుగురు, ఏకాభిప్రాయం లేదు. షరతులు కాగితం మీద పెడితే సైన్యం ఆ ప్రయత్నాన్నే తుంచేసేది.

కృష్ణలంక విద్యార్థి:
ఇద్దరూ స్టాలిన్‌ను మరిచిపోయారు. జర్మనీ ఓడిన రెండు మూడు నెలల్లో జపాన్ మీదికి వస్తానని ఫిబ్రవరిలోనే యాల్టా సమావేశంలో అమెరికా, బ్రిటన్ నేతలకు మాట ఇచ్చేశాడు. షరతులు రాసిచ్చినా అవతల జరిగేది కాలయాపనే. పైగా ఈ తంతులన్నిటినీ అమెరికా వారు సంకేతాలు ఛేదించి చదువుతూనే ఉన్నారు. తలుపులు వేసుకుని పోట్లాడుకుంటున్నామని ఇంట్లోవాళ్లు అనుకుంటే, వీధంతా వింటున్నట్టు!

గవర్నర్‌పేట పాఠకుడు:
నా బాధ కూడా అదే బాబూ. “కుదరదు” అన్న టోగో మాటనూ వాళ్లు చదివారు. సాటో అన్నిసార్లు గుచ్చి అడగకపోతే అది అంత ఖరాఖండీగా కాగితానికెక్కేదా?

బ్రాడీపేట మూడో లైను:
ఈ కోణం నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ టోక్యో తేల్చుకోలేకపోయిన దానికి మాస్కోలో తల వంచుకుని నిలబడవలసింది సాటోయే కదా. ఆగస్టు 8 సాయంత్రం సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ ఆయనను పిలిపించి చదివి వినిపించింది యుద్ధ ప్రకటన. ఆయన వెంటనే ఇచ్చిన తంతి టోక్యోకు చేరనే లేదు. అక్కడివారికి సంగతి తెలిసింది సోవియట్ రేడియో ద్వారా.