సమస్యాపూరణం: “బోగసను మాట బంగారు భూష యయ్యె”

నిర్వాహకుడు (బరంపురం):

ఈ వారం సమస్యకు కారణం మా మనుమరాలు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదువుకొనే పిల్ల. ఓటర్ల జాబితా మీద వచ్చిన వార్తను నాకు పైకి చదివి వినిపిస్తూ, “బోగస్ ఓట్లు” అన్నచోట ఆగి, “తాతయ్యా, ఇది మన మాటేనా?” అని అడిగింది. కాదమ్మా, ఇంగ్లీషు నుండి వచ్చిందని చెప్పాను. “మరి నకిలీ ఓట్లు అని రాయవచ్చు కదా?” అన్నది. అలా రాసేవారూ ఉన్నారు, దొంగ ఓట్లు అనేవారూ ఉన్నారు. అయినా ఈ మూడూ ఒకటేనా అన్న సందేహం నన్ను ఆ పూట వదలలేదు. అందుకే ఆ మాటనే సమస్యలో పెట్టాను. నేనిచ్చిన ఈ చివరి పాదానికి ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి.

బోగసను మాట బంగారు భూష యయ్యె

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మరల రెండు సూర్యగణాలు. నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. పై పాదంలో బో–భూ యతి చెల్లింది. “బంగారు భూష” దుష్టసమాసం కాదా అని ఎవరైనా అడిగే ముందే చెబుతున్నాను: తెలుగు మాట ముందుండి సంస్కృతపదం తరువాత వస్తే అది మిశ్రసమాసమే, దోషం లేదు. మాటకు ఉన్న అర్థాన్ని పట్టుకొని పూరించినవారికి నా మొగ్గు ఎక్కువగా ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:

క్రమాలంకారంలో ప్రయత్నించాను. మూడు పాదాలలో మూడు ప్రశ్నలు, నాలుగవ పాదంలో వరుసగా వాటి జవాబులు.

కల్ల కేపేరు దొరలకు గలదు? లేడి
యైన మారీచు దేహపు హంగదేమి?
సత్య మేమయ్యె నల హరిశ్చంద్రునకును?
బోగసను మాట, బంగారు, భూష యయ్యె.

నిర్వాహకుడు:

మాస్టారూ, మూడవ పాదం చదివి లేచి నిలబడ్డాను. “సత్యమేమయ్యె” అన్న ప్రశ్నకు “భూష యయ్యె” అన్న జవాబు క్రియతో సహా అతికింది. “హరిశ్చంద్ర”లో శ్చ దగ్గర స–చ యతి సహజంగా వచ్చి కూర్చుంది. రెండు చిన్న మాటలు చెప్పనివ్వండి. “కల్ల” అనగానే నోటితో చెప్పే అబద్ధమే ముందు స్ఫురిస్తుంది. బోగస్ వస్తువుకూ మనిషికీ కూడా చెల్లుతుంది. ఇక “హంగు” బంగారానికి చెప్పే మాట కాదు, బంగారానికి చెప్పేది వన్నె.

పర్లాకిమిడి మాస్టారు:

వన్నె అన్న మాట నాకూ తట్టింది గాని, పాదం “యైన”తో మొదలైనందువల్ల “వన్నె”కు యతి కుదరలేదు. కల్ల విషయంలో మాత్రం నేను వాదిస్తాను. బోగస్‌లో ఉన్న దోషం వస్తువుది కాదు, దానిని చూపి చెప్పే మాటది. మాట లేకపోతే వస్తువు ఏ పాపం ఎరుగదు.

రాయగడ అక్కయ్య:

మాస్టారు గారికి నమస్కారం. మొదటి పాదం చివర “లేడి” తీసి “సీత” పెడితే యతి చిక్కు తీరుతుందేమో చూడండి.

కల్ల కేపేరు దొరలకు గలదు? సీత
వలచి కోరిన లేడికి వన్నె యేది?

వ–వ యతి, వన్నె కూడా దక్కింది. ఈ సవరణ చేస్తున్నప్పుడు నాకు తోచిన సంగతి ఒకటి చెబుతాను. బంగారు లేడిని నకిలీ అనలేము. నకిలీ అనాలంటే అసలు బంగారు లేడి ఎక్కడో ఒకటి ఉండాలి, దానిని చూసి ఇది చేసి ఉండాలి. అడవిలో అటువంటి లేడి పుట్టనే లేదు. కాబట్టి మారీచుడు నకిలీ కాడు, బోగస్.

నిర్వాహకుడు:

అక్కయ్య గారూ, మా మనుమరాలికి నేను చెప్పలేకపోయిన జవాబు ఇది. నకిలీకి మూలం “నకల్”, అరబ్బీ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. నకలు తీయడం అని కచేరీలలో ఇప్పటికీ అంటారు. నకలుకు అసలు ఉండి తీరాలి. అయిదువందల నోటు ఉన్నది కాబట్టి నకిలీ నోటు ఉన్నది. బోగస్ ఓటుకు వెనుక అసలు ఓటరు లేడు; ఇంటి నంబరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. ఉన్న మనిషి ఓటును వేరొకడు వేసిపోతే దానిని దొంగ ఓటు అంటాము. కల్తీ ఇంకొక దారి, అక్కడ అసలు సరుకు కొంత ఉంటుంది, దానిలో వేరొకటి కలుస్తుంది. వార్తలు రాసేవారు తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి వాడవచ్చు గాని, మాటలు మాత్రం వాటి తేడాను వదులుకోలేదు.

రాయగడ అక్కయ్య:

మా వైపు ఒడియావారు వీటన్నిటికీ “జాల్” అంటారు, జాల్ నోటు, జాల్ డాక్టరు అని. ఇక్కడి తెలుగువాళ్ల నోట కూడా అదే వినబడుతుంది. చాలామంది దానిని ఇంద్రజాలంలోని జాలం అనుకొంటారు గాని, అది కూటసృష్టి, అంటే దొంగగా తయారుచేయడం, అనే అర్థమున్న అరబ్బీ మాట. మన వల అనే జాలంతో దానికి చుట్టరికం లేదు. కూట అన్నాను కాబట్టి గుర్తుకు వచ్చింది, కౌటిల్యుని అర్థశాస్త్రంలో దొంగనాణేన్ని కూటరూపమనే అన్నారు. కూటసాక్షి మనకు ఈనాటికీ మిగిలింది, కూటరూపం పోయింది.

జయపురం సభ్యుడు:

నాణెం మాట వచ్చింది కాబట్టి నా పూరణ ఇప్పుడే పెడుతున్నాను. ఈ మాట పుట్టుకే దొంగనాణెంతో ముడిపడి ఉన్నది.

దొంగ నాణెముల్ పోసెడి తొట్టి పేరు
సంద్రములు దాటి మన యింట జనువు గొనియె
ఓటు కార్డుల బియ్యపు టూసులందు
బోగసను మాట బంగారు భూష యయ్యె.

బోర్గీస్ అనే మోసగాడు అమెరికాలో దొంగనోట్లు చలామణి చేశాడనీ, అతని పేరే నోళ్లలో అరిగి బోగస్ అయిందనీ చదివాను. ఆ కథ పద్యంలో ఇమడలేదు.

నిర్వాహకుడు:

తమ్ముడూ, ఇమడకపోవడమే మంచిదయింది. ఆ కథ ప్రకారం బోర్గీస్ వ్యాపారం 1837 ప్రాంతంలో సాగింది. ఒహయో రాష్ట్రంలోని పెయిన్స్‌విల్ పట్టణపు పత్రికలో ఈ మాట 1827లోనే అచ్చయింది. మనిషి కంటే పదేళ్ల ముందు అతని పేరు పుట్టదు. బోగస్ అన్న మాట పుట్టుకకే ఒక బోగస్ కథ అంటుకొని ఇంతకాలం తిరుగుతున్నది, చదివినవారు దయచేసి దానిని ఇంకొకరికి చెప్పకండి. ఆ 1827 నాటి వార్తలో బోగస్ అన్నది దొంగనాణేలు చేసే యంత్రానికి పేరు. తరువాత ఆ పేరు యంత్రం నుండి నాణేనికీ, నాణెం నుండి చెల్లని ప్రతిదానికీ పాకింది.

ఇక పద్యం. “ఓటు కార్డుల బియ్యపు టూసులందు” అన్న పాదంలో ఓ–ఊ స్వరయతి చక్కగా ఉన్నది. కాని “తొట్టి” అనగానే పశువులు నీళ్లు తాగే తొట్టి కళ్ల ముందు నిలుస్తుంది, అది యతి కోసం తెచ్చిన మాట అని తెలిసిపోతున్నది. “దొంగ నాణెముల్ గ్రుద్దెడి దొకటి యుండె” అని మార్చి చూడండి. నాణేన్ని అచ్చు గుద్దుతారు కాబట్టి క్రియ కూడా సరిపోతుంది. అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉన్నది. భూష అయింది సరే, ఎవరికి? నగ అన్నాక అది పెట్టుకొనే మెడ ఒకటి పద్యంలో కనబడాలి. మూడవ పాదాన్ని ఇలా తిప్పవచ్చు:

వార్త లల్లెడు వారల వాడుకలకు
బోగసను మాట బంగారు భూష యయ్యె.

జయపురం సభ్యుడు:

సవరణలు శిరోధార్యం, బాబాయి గారూ. ఇంగ్లీషు మాట పద్యంలో ఇంత స్వేచ్ఛగా వాడవచ్చునా అన్న జంకు మాత్రం ఇంకా పోలేదు.

పర్లాకిమిడి మాస్టారు:

నాయనా, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరలనే గిరిజనుల మాటలను వారి నోట విని, నేర్చుకొని, నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. జనం నాలుక మీద ఉన్న మాటను చూసి జంకమని ఆయన ఊరివాడిగా నేను చెప్పలేను. ఉకారం చేర్చి “బోగసు” అన్నాక అది సంధికి లొంగింది, “బోగసను” అయింది. ఇంగ్లీషులో అది ప్రధానంగా విశేషణం. మనం “అంతా బోగస్” అని వాక్యం ముగించి లేచిపోతాము. ఇంటి పద్ధతులన్నీ దానికి వచ్చేశాయి.

గుణుపురం సభ్యుడు:

మాది బంగారుపని చేసే కుటుంబం. కర్తనూ ఆఖ్యాతాన్నీ తారుమారు చేసి, బంగారు భూషయే బోగసను మాటగా మారిందని పూరించాను.

గీటురాతిపై గీసిన గీత జూచి
తెల్లబోయెను గొన్నవా డుల్లమందు
ముద్ర లేదని తెలియక మోసపోవ
బోగసను మాట బంగారు భూష యయ్యె.

నిర్వాహకుడు:

గీ–గీ యతి, రెండవ పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాల పొంతన), రెండూ నిర్దుష్టం. తెల్లబోవడం ముందు వచ్చి మోసపోవడం తరువాత రావడం వల్ల కథ తిరగబడింది, పాదాలు తారుమారు చేయండి. ముద్ర అంటే హాల్‌మార్కు అనుకొంటాను.

గుణుపురం సభ్యుడు:

అవును. 2023 ఏప్రిల్ 1 నుండి, హాల్‌మార్కు తప్పనిసరి అయిన జిల్లాలలో, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఒక్కొక్క నగకు ఇచ్చే ప్రత్యేక గుర్తు) లేని నగను దుకాణంలో అమ్మరాదు. గిల్టు గురించి కూడా ఒక మాట చెప్పాలని ఉన్నది. అది ఇంగ్లీషు “గిల్ట్”, బంగారు పూత అని మాత్రమే అర్థం. అక్కడ గిల్ట్ ఎడ్జ్‌డ్ సెక్యూరిటీలు అంటే ప్రభుత్వం హామీగా నిలిచే, అందరికంటే నమ్మదగిన పత్రాలు. మన దగ్గరకు వచ్చి గిల్టు మోసానికి మారుపేరయింది. మా నాన్నగారు గిల్టు నగను గిల్టు అని చెప్పి అమ్మేవారు. పెళ్లిలో అలంకారానికి పేదవాళ్లు సంతోషంగా కొనేవారు. ఆ నగలో బోగస్ ఏమీ లేదు. అదే నగను బంగారమని చెప్పిన క్షణాన అది బోగస్ అవుతుంది. మాస్టారు గారు పైన చెప్పినదే, మాటలోనే దోషం.

రాయగడ అక్కయ్య:

నా పూరణ ఆలస్యమయింది. మా వీధిలో జరిగినదే రాశాను.

ఫోనులో బెదరింపుల బూని యొకడు
నగలు తాకట్టు వెట్టు మన్నంత నపుడు
అత్త కెరిగించి కోడలే యడ్డుపడగ
బోగసను మాట బంగారు భూష యయ్యె.

ఖాకీ చొక్కా వేసుకొన్నవాడొకడు వీడియో కాల్‌లో కనబడి, “మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాము, గది దాటి కదలవద్దు, డబ్బు పంపండి” అన్నాడు. పెద్దావిడ నాలుగు పేటల గొలుసు తీసి కొంగున ముడి వేసుకొని కూర్చున్నది, తాకట్టు దుకాణం తెరిచే వేళ కోసం. కోడలు వంటింట్లో నుండి వచ్చి, ఆ ముడి చూసి, ఫోను లాక్కొని కట్టేసింది. “అత్తయ్యా, ఇది బోగస్” అన్న ఒక్క మాట. ఆ గొలుసు ఇప్పటికీ ఆమె మెడలో ఉన్నది.

నిర్వాహకుడు:

సమస్యలోని వైరుధ్యం పూర్తిగా కరిగిపోయిన పూరణ ఇది. మాటే నగ అయింది, ఎందుకంటే ఆ మాట లేకపోతే నగ లేదు. ఇక్కడ రెండు మాటల తేడా కూడా పక్కపక్కనే కనబడుతున్నది. చొక్కా వేసుకొన్నవాడు నకిలీ పోలీసు, అసలు పోలీసులు ఉన్నారు కాబట్టి. డిజిటల్ అరెస్టు మాత్రం బోగస్. అటువంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు, బంగారు లేడి వలెనే.

బరంపురం సభ్యుడు (నేతపని):

అందరికీ నమస్కారం. నాకు మగ్గమే తెలుసు, ఛందస్సు ఈమధ్యే నేర్చుకొంటున్నాను.

చీర నకిలీది యనువారి చెంత నిలిచి
పోగు నొక్కటి వెలిగించి బూది జూప
కమురు వాసన సాక్షిగా గలిగె బేరు
బోగసను మాట బంగారు భూష యయ్యె.

నిర్వాహకుడు:

రెండవ పాదంలో పో–బూ యతి, అందులోనే మీ పని మొత్తం ఉన్నది. తెలియనివారి కోసం చెబుతున్నాను: పట్టు పోగును కాలిస్తే వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది, పాలిస్టరు పోగు కరిగి, చివర గట్టి పూసలా గడ్డకడుతుంది. పద్యమంతటిలో నాకు అడ్డుపడుతున్నది “నకిలీ” ఒక్కటే. పోగు కాల్చి మీరు రుజువు చేసింది అది పట్టు అని. అది బరంపురం పట్టు అని ఆ వాసన చెప్పలేదు కదా?

బరంపురం సభ్యుడు (నేతపని):

నిజమే, బాబాయి గారూ. మా బాధ కూడా అక్కడే ఉన్నది. మన కుంభం అంచును, ఆ గోపురాల వరుసను, ఎక్కడో మరమగ్గం మీద దింపి, బరంపురం పట్టు అని బిళ్ల కట్టి అమ్ముతున్నారు. దాని పోగు కాల్చినా కమురు వాసనే వస్తుంది, పట్టు పట్టే. అంచు నకిలీ, ఎందుకంటే మా అంచు ఉన్నది. బిళ్ల మీది పేరు బోగస్, ఎందుకంటే ఆ చీర ఈ ఊరి మగ్గం ఎక్కనే లేదు. మన పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చినా, కొనేవారు బిళ్ల తిప్పి చూడరు. ఇంత సంగతి ఒక పద్యంలో పట్టదు కాబట్టి మొదటి పాదంలో కాల్చి చూపగలిగిన దానినే ఉంచాను.

చీర పట్టు కాదనువారి చెంత నిలిచి
పోగు నొక్కటి వెలిగించి బూది జూప
కమురు వాసన సాక్షిగా గలిగె బేరు
బోగసను మాట బంగారు భూష యయ్యె.