సింగిల్ లైన్‌లో హోమ్ సిగ్నల్ ఉంచాలా, తీసేయాలా?

లూప్‌లైన్:
ట్రెయిన్జ్ అనే రైలు సిమ్యులేటర్ గేమ్‌లో గుంటూరు–నంద్యాల లైన్ మనసులో పెట్టుకుని, రానూపోనూ ఒకే ట్రాక్ ఉండే చిన్న సింగిల్ లైన్ రూట్ కట్టాను. మూడు స్టేషన్లు, ఒక్కోదానికి నేరుగా పోయే మెయిన్ లైన్, పక్కకు చీలి మళ్లీ కలిసే లూప్ లైన్. డైరెక్షన్ మార్కర్లు పెట్టి ఒక దిశలో పోయే అప్ బండ్లను లూప్‌లోకి, ఎదురు దిశలో వచ్చే డౌన్ బండ్లను మెయిన్‌లోకి పంపుతున్నాను. నాలుగు బండ్లకూ కంప్యూటర్ డ్రైవర్లే, అందరికీ ‘డ్రైవ్ టు’ ఆదేశం. అసలు రైల్వేలో లాగే స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్, స్టేషన్ నుంచి పోనిచ్చే స్టార్టర్ సిగ్నల్ అన్నీ పెట్టాను. అయినా పావుగంట తిరక్కుండానే రెండు బండ్లు నడి దారిలో ముక్కుకు ముక్కు పెట్టుకుని ఆగిపోతున్నాయి. తప్పెక్కడ?

ఫౌలింగ్ మార్క్:
హోమ్ సిగ్నళ్లు తీసేయండి. స్టార్టర్లు చాలు.

ఇందులో సిగ్నల్ తనలాగే అదే దిశ బండ్లకు పెట్టిన తర్వాతి సిగ్నల్ దాకానే చూస్తుంది. మీ మొదటి స్టేషన్ స్టార్టర్ చూపు రెండో స్టేషన్ హోమ్ దగ్గర ఆగిపోతుంది. అదే సమయానికి అక్కడి డౌన్ బండి తన స్టార్టర్ దాటి పాయింట్ల (పట్టాలు చీలే చోటు) మీదికొచ్చింది, కానీ మీ హోమ్ దగ్గరికి ఇంకా రాలేదు అనుకోండి. అక్కడి స్టార్టర్‌కూ హోమ్‌కూ మధ్య నాలుగు పెట్టెలు పట్టేంత జాగా మీ స్టార్టర్‌కు కనపడదు. ఇటు పచ్చ పడింది, అటు బండి ఎలాగూ బయల్దేరింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.

హోమ్ తీసేస్తే స్టార్టర్ నుంచి స్టార్టర్ దాకా, లూప్‌తో సహా, అంతా ఒకటే సెక్షన్ అవుతుంది.

టోకెన్ బంతి:
ఒప్పుకోను అన్నా. మా నాన్నగారు సింగిల్ లైన్ స్టేషన్లలో మాస్టర్‌గా చేశారు. హోమ్ లేని స్టేషన్ అంటే గుమ్మం లేని ఇల్లే. అక్కడ బండ్లు ఢీకొనకుండా ఆపేది ఒక్క సిగ్నలే కాదు, లైన్ క్లియర్, అంటే దారి ఖాళీ, బండిని పంపొచ్చనే అనుమతి. అవతలి స్టేషన్ నుంచి అది వస్తేనే నీల్స్ యంత్రంలోంచి టోకెన్ బంతి (ఆ దారిలోకి వెళ్లొచ్చని డ్రైవర్‌కిచ్చే గుర్తు) బయటికొచ్చేది, ఆ బంతి చేతికందాకే డ్రైవర్ కదిలేవాడు. రూట్‌ను పాడుచేయకుండా, డౌన్ బండికి ‘వెయిట్’ ఆదేశం పెట్టి స్టేషన్లో క్రాసింగ్ (ఎదురెదురు బండ్లు ఒకదాన్నొకటి దాటడం) చేయించవచ్చు కదా?

ఫౌలింగ్ మార్క్:
తమ్ముడూ, నువ్వు చెప్పిన లైన్ క్లియరే ఇక్కడ లేనిది. సిమ్యులేటర్‌లో స్టేషన్ మాస్టర్ లేడు. ఉన్నది సిగ్నల్ ఒక్కటే కాబట్టి ఆ పని కూడా దానితోనే చేయించాలి. ‘వెయిట్’ గడియారాన్ని చూస్తుంది, లైన్‌ను చూడదు. ఎదురు బండి ఐదు నిమిషాలు ఆలస్యమైతే నీ లెక్కంతా తప్పుతుంది. హోమ్ కంటికి కనపడాలంటే సిగ్నల్‌గా పనిచేయని ఉత్త బొమ్మ స్తంభం నిలబెట్టు.

టోకెన్ బంతి:
బొమ్మ స్తంభం నాకు నచ్చదు. నేనే క్యాబ్‌లో కూర్చుని నడిపేటప్పుడు ఆ ఎర్ర లైటు ముందు ఆగాలి, అందుకోసమే కదా ఆడేది. ఇంకోటి, హోమ్ లేకపోతే లూప్ నిండిందంటే వెనక బండి అంతకుముందు స్టేషన్లోనే పడి ఉంటుంది, ఊరి బయటిదాకా కూడా రాదు. నాలుగు బండ్లకు సరే, పది బండ్లు పెడితే లైన్ కదలదు.

ఫౌలింగ్ మార్క్:
ఆ నష్టం నిజమే. పది బండ్లు తిరగాలంటే ఇంకో లూప్ వెయ్యాలి. ఎదురెదురుగా ఇరుక్కునేకన్నా వెనక ఆగడమే నయం.

లూప్‌లైన్:
రాత్రి హోమ్‌లు తీసి నడిపాను. రెండు గంటలపాటు ఎక్కడా ఇరుక్కోలేదు! బొమ్మ స్తంభాలు మాత్రం పెట్టలేదు, ఆ విషయంలో టోకెన్ బంతి గారి మాటే నాకూ సబబనిపించింది. తర్వాత 24 వ్యాగన్ల గూడ్సు పెట్టాను. లూప్‌లో పట్టేది ఇరవయ్యే. స్టార్టర్ దగ్గర బుద్ధిగా ఆగింది, తోక మాత్రం పాయింట్ల మీదే ఉండిపోయింది, ఎదురు బండికి దారి లేదు. ఇవాళ లూప్ పొడిగిస్తున్నాను.