చదువు రాని పెద్దలకూ, ఇంగ్లీషు నేర్చుకునే పెద్దలకూ ఒకే యాప్ సరిపోతుందా?

ప్రశ్న

నేను వయోజన విద్యా తరగతిలో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్నాను. వచ్చేవారిలో కొందరికి మాతృభాషలోనే అక్షరాలు రావు. మరికొందరు మాతృభాషను ధారాళంగా చదవగలరు గాని, ఇంగ్లీషు కోసం వస్తున్నారు. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. వీరందరికీ ఒకే యాప్ సరిపోతుందా? సరిపోకపోతే ఏం చూసి ఎంచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1

సరిపోదండి. డ్యుయోలింగో వంటి భాషా యాప్‌లు చాలా మటుకు, నేర్చుకునే మనిషికి ఏదో ఒక లిపి ముందే వచ్చునన్న లెక్కతో తయారైనవి. సూచనలూ, బటన్ల మీది మాటలూ, తప్పు దిద్దే వాక్యాలూ రాతలోనే ఉంటాయి. అక్షరం రానివారు బొమ్మను బట్టీ రంగును బట్టీ ఊహించి నొక్కుతూ పోతే పాయింట్లు వస్తాయి గాని చదువు రాదు. అందుచేత ముందు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి: మీకు తెలియని లిపికి ఫోన్ భాషను మార్చి, ఎవరి సాయమూ లేకుండా ఆ యాప్‌లో మొదటి పాఠం దాకా వెళ్లగలరేమో చూడండి.

జవాబు 2

ఇంగ్లీషు కోసం వచ్చేవారికి అసలు అడ్డంకి, నేర్చిన మాటలు నిలవకపోవడం. నేర్చినది తొలి గంటల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రయోగాలతో చూపాడు. దీనికి విరుగుడుగా, ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డులను చూపించే యాప్ అంకి ఉంది. 2006లో వచ్చిన ఈ యాప్, సులువుగా చెప్పగలిగిన కార్డును రోజుల తరువాత, తడబడినదాన్ని కాసేపటికే మళ్లీ అడుగుతుంది. ఇతరులు తయారుచేసిన కార్డులు దింపుకోవడం కన్నా, ఆనాడు తరగతిలో వచ్చిన వాక్యాలకే మీ గొంతు రికార్డు చేసి జోడించడం మేలు. కొత్త కార్డులు మాత్రం తక్కువగా ఇవ్వండి. పాతవి పేరుకుపోతే యాప్ తెరవడమే మానేస్తారు.

జవాబు 3

కూడబలుక్కుని చదివేవారికి పాటలు బాగా పనికొస్తాయి. పరిశోధకుడు బ్రిజ్ కొఠారి 1996లో ఆలోచించిన పద్ధతి ఇది: పాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే సాహిత్యం తెర అడుగున కనిపిస్తుంది, పాడుతున్న మాట రంగు మారుతుంది. పాట ముందే నోటికి వచ్చు కాబట్టి తరువాతి మాట చెవికి తెలుసు. కన్ను దాన్ని పోల్చుకుంటే చాలు. ఒక్క అక్షరమూ రానివారికి దీనితో పెద్దగా ఒరిగేది లేదు.

అడిగినవారు

కృతజ్ఞతలు. అయితే అక్షరాలు నేర్పే యాప్‌లలో కథలన్నీ కుందేళ్లవీ ఏనుగులవీ. పిల్లల చదువు మాకెందుకని మావాళ్లు ముఖం తిప్పుకుంటున్నారు.

జవాబు 1

వారిది న్యాయమైన అభ్యంతరమే. వారి మాటలనే పాఠం చేయండి. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, తాము చేసే పని గురించి రెండు వాక్యాలు చెప్పమనండి. యాస మాటలను ఫోన్ తరచుగా మరో మాటగా రాస్తుంది కనుక, వారికి చూపించే ముందు మీరు సరిచూడాలి. అయితే ఆ యాసను పుస్తక భాషలోకి మార్చకండి. తరువాత ఫోన్ చేత ఆ వాక్యాలు చదివించి, ఒక్కో మాట మీద వేలు పెట్టించండి. నిజంగా చదువుతున్నారో, కంఠతా అప్పజెబుతున్నారో తేలాలంటే, మరునాడు అవే మాటలను వరుస మార్చి చదివించాలి.