ఏబీఐ 1.4 వచ్చింది, వేలు మాత్రం చల్లగా ఉంది: ఏది నమ్మాలి?

పాదవిద్యార్థి
పాదాల జబ్బుల క్లినికల్ పరీక్షకు చదువుతున్నాను. నమూనా కేసు ఇది: 20 ఏళ్లుగా షుగర్, ఎడమ బొటనవేలి కొసన పుండు, వేలు చల్లగా ఉంది. నడిస్తే పిక్క నొప్పి లేదు. సిస్టోలిక్ బీపీ (పై అంకె) కుడి చేతికి 140, ఎడమ చేతికి 150. ఎడమ చీలమండ దగ్గర ఎక్కువగా వచ్చింది 210. అంటే ఏబీఐ (చీలమండ ఒత్తిడిని, ఎక్కువున్న చేతి ఒత్తిడితో భాగిస్తే వచ్చే అంకె) 1.4. 0.9 దాటింది కాబట్టి రక్తప్రసరణ బాగున్నట్టేనా? ఇంకోటి, ఒకే పాదానికి ఇద్దరు మోనోఫిలమెంట్ (స్పర్శ ఉందో లేదో చూసే సన్నని తంతువు) పెడితే రెండు రకాల ఫలితాలు ఎందుకొస్తాయి?

డాప్లర్_చెవి
లెక్క సరే, అర్థం తప్పు. కఫ్ (బీపీ పట్టీ) ధమనిని నొక్కి మూయగలిగితేనే ఆ అంకెకు విలువ. దీర్ఘకాలం షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమని గోడ మధ్య పొరలో కాల్షియం పేరుకుంటుంది. లోపల రక్తం అరకొరగా పారుతున్నా గోడ నొక్కుకోదు, అంకె పెరిగిపోతుంది. 1.4 వస్తే ‘బాగుంది’ అని కాదు, ‘నమ్మదగింది కాదు’ అని రాయండి. 0.9 నుంచి 1.3 మధ్య వచ్చినా షుగర్ రోగిలో పూర్తిగా ధీమా పనికిరాదు.

వేళ్ల ధమనుల్లో ఈ బెడద తక్కువ. అందుకని చిన్న కఫ్‌తో వేలి ఒత్తిడి తీయండి. పుండు అడ్డొస్తే రెండో వేలికి. పాదం చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి, లేకపోతే అంకె ఉత్తినే పడిపోతుంది. ఆ వేలి ఒత్తిడిని చేతి ఒత్తిడితో భాగిస్తే 0.7 కంటే తక్కువైతే ధమని జబ్బున్నట్టు. వేలి ఒత్తిడే 30 లోపుంటే ఆలస్యం చేయకుండా వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌కి పంపాలి. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) శబ్దం కూడా వినండి: మూడు దశలుగా వినిపించాల్సింది ఒకే దశలో మందంగా సాగితే పైన ఎక్కడో అడ్డు ఉంది.

పిక్క నొప్పి లేకపోవడం ఇక్కడ ఏమీ తేల్చదు. నరాలు మొద్దుబారితే ఆ నొప్పీ తెలియదు.

ఆపాదమస్తకం
మోనోఫిలమెంట్ గురించి. తేడా ఎక్కువగా పెట్టే చేతిలోనే ఉంటుంది. 10 గ్రాముల తంతువును ముందు రోగి చేతి మీద తాకించి చూపండి, తర్వాత కళ్లు మూసుకోమనండి. చర్మానికి నిటారుగా ఆనించి, విల్లులా వంగేదాకా నొక్కి తీసేయాలి. మొత్తం రెండు సెకన్లు చాలు. పక్కకు జారితే గీత తగిలినట్టు తెలిసిపోతుంది, అప్పుడు అది వేరే పరీక్ష. ఆనెకాయ మీద పెడితే మంచి నరం కూడా లేనట్టే కనిపిస్తుంది. దాని పక్కన పెట్టండి.

చోట్లు మూడు: బొటనవేలి అడుగు, మొదటి, అయిదో మెటాటార్సల్ (వేళ్ల వెనకుండే పాదపు పొడవాటి ఎముక) తలల కింద. ఒక్కో చోట రెండుసార్లు నిజంగా తాకి, ఒకసారి తాకకుండానే ‘తెలిసిందా, ఎక్కడ?’ అని అడగాలి. మూడింట్లో రెండు సరిగ్గా చెబితే ఆ చోట స్పర్శ ఉన్నట్టు. తాకినప్పుడల్లా మాత్రమే అడిగితే జవాబు మనమే అందించినట్టు. వరుసగా పదిమందికి వాడిన తంతువు మెత్తబడుతుంది, ఒక రోజు పక్కన పెట్టండి.

పాదవిద్యార్థి
అర్థమైంది, థ్యాంక్సండీ. ఇదే కేసులో కాలు వాచి ఉంటే ప్రెషర్ కట్టు వేయొచ్చా?

డాప్లర్_చెవి
వేలి ఒత్తిడి తెలిసేదాకా వద్దు. పరీక్షలో ఇదే ఉచ్చు. నాలుగు పొరల కట్టు చీలమండ దగ్గర దాదాపు 40 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడి పెడుతుంది. సిరల పుండుకు అదే మందు, కానీ ధమని మూసుకున్న కాలికి వేస్తే చర్మం చచ్చిపోతుంది. ఆ 1.4 చూసి ‘కట్టుకు కావాల్సిన 0.8 దాటింది కదా’ అని కట్టేస్తే మార్కులే కాదు, వేలూ పోతుంది.