మనం చేయని మేలుకి ఎవరైనా మనల్ని గుర్తుపెట్టుకుంటే, నిజం చెప్పాలా?

తొలిజాము:
ఇరవై ఏళ్ల తర్వాత స్కూలు స్నేహితురాలు ఫోన్ చేసింది. మాటల్లో, "లెక్కల పరీక్ష రోజు నా పెన్ను ఆగిపోతే నీది ఇచ్చావు. 'వచ్చినవే ముందు రాయి, కంగారు పడకు' అన్నావు. ఇప్పటికీ టెన్షన్ వస్తే ఆ మాటే తలుచుకుంటాను" అంది. చెబుతుంటే గొంతు వణికింది. నేను "అవునా" అని ఊరుకున్నాను.

కానీ ఆ పరీక్షకి నేను వెళ్లనేలేదు. జ్వరంతో ఇంట్లో ఉండి, తర్వాత విడిగా రాశాను. పెన్ను ఇచ్చింది ఇంకెవరో. వచ్చే నెల కలుస్తున్నాం. చెప్పాలా, ఊరుకోవాలా?

నీలిమబ్బు:
చెప్పొద్దండి. ఆమె దాచుకున్నది ఆ ధైర్యాన్ని, మీ పేరు దానికి అంటుకుందంతే.

కొత్త జ్ఞాపకాలు నిలవని ఒక రోగి గురించి స్విస్ మనస్తత్వవేత్త క్లాపరేద్ 1911లో రాశాడు. వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెకి చెయ్యి ఇచ్చాడు, అది గుచ్చుకుంది. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. అయినా మళ్లీ చెయ్యి చాపితే ఇవ్వలేదు. తనకు జరిగినట్టు గుర్తులేదు, చెయ్యి మాత్రం వెనక్కి పోయింది. 2010లో హిప్పోక్యాంపస్ (కొత్త జ్ఞాపకాలని నిలిపే మెదడు భాగం) దెబ్బతిన్న ఐదుగురికి ఏడిపించే సినిమా ముక్కలు చూపించారు. ఏం చూశారో మరిచిపోయాక కూడా వాళ్లలో బాధ పోలేదు. వివరాలు చెదిరిపోయినా మనసుకి తగిలింది నిలుస్తుంది. స్నేహితురాలికి ఇరవై ఏళ్లు తోడున్నదాన్ని ఇప్పుడెందుకు కదిలించడం?

గడపదీపం:
నేను ఒప్పుకోను. ఆ పెన్ను ఇచ్చిన పిల్ల సంగతేమిటి?

మా నాన్న పోయిన రోజుల్లో ఒకావిడ రోజూ వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన కూర్చునేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆవిడ మా అత్తే అనుకున్నాను. పెద్దయ్యాక ఆ మాట అత్తతో చెబితే, తల నిమిరి ఊరుకుంది. నాలుగేళ్ల తర్వాత ఇంకోసారి ఎత్తినప్పుడు, "నేను కాదురా, పక్కింటావిడ. అప్పుడు నిన్ను నొప్పించలేక చెప్పలేదు" అంది. వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ పోయి రెండేళ్లయిందన్నారు.

అత్తది ప్రేమే, కాదనను. కానీ మొదటిసారే చెప్పి ఉంటే, ఆవిడ చేతులు ఒక్కసారి పట్టుకునేవాణ్ని.

నీలిమబ్బు:
గడపదీపం గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను స్నేహితురాలి గురించే ఆలోచించాను. పెన్ను ఇచ్చినావిడ నా లెక్కలోకే రాలేదు.

రాతిపలక:
తొలిజాము గారూ, జ్వరం వచ్చింది లెక్కల పరీక్షకేనని ఖాయమా? మీకెంత నమ్మకమో ఆమెకీ అంతే నమ్మకం ఉంది కదా.

1974లో లాఫ్టస్, పామర్ అనే పరిశోధకులు కార్ల ప్రమాదం వీడియో చూపించి, కార్ల వేగం అడిగారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు" అని, కొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే "తగిలిన" వైపు 50 మందిలో 7గురు, "గుద్దుకున్న" వైపు 50 మందిలో 16 మంది చూశామన్నారు. వీడియోలో గాజు పగలనే లేదు. అడిగిన ఒక్క మాట వాళ్ల జ్ఞాపకంలోకి దూరిపోయింది.

అందుకే నేను చెప్పమనే అంటాను, కానీ "ఫలానా అమ్మాయి అయ్యుంటుంది" అని పేరు అందించకండి. మీరు అందించిన ముఖమే రేపు ఆమెకి గుర్తుగా మిగిలిపోతుంది. అసలు మనిషి మళ్లీ తప్పిపోతుంది.

తొలిజాము:
అక్కని అడిగాను. జ్వరం నిజమేనట, కానీ నేను విడిగా రాసింది సైన్స్ పరీక్ష అంటోంది. అప్పటి కాగితాలేవీ ఇంట్లో లేవు. నిన్నంతా మనసు మనసులో లేదు. ఇన్నాళ్లూ గట్టిగా నమ్మిన గదిలోంచి ఎవరో నేల లాగేసినట్టుంది.

ఆ పెన్ను నాదే కావచ్చు, కాకపోవచ్చు. కలిసినప్పుడు, "నాకు అది గుర్తులేదే, ఆ రోజు నేను గదిలో ఉన్నానో లేదో కూడా తెలియదు" అని చెబుతాను. అంతవరకే నాకు తెలిసిన నిజం. పెన్ను ఏ రంగో అడుగుదామనుకుంటున్నాను.

రాతిపలక:
రంగు అడగకండి. "ఆ రోజు మొదటినుంచీ చెప్పవే" అనండి.